గుంటూరి గ్రహణమును, మూలద్రవ్యముల పట్టికయు

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ ఉదయమున మన తెలుగుదేశము మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ సాగిపోయెను. ఆ పూట గుంటూరిలోని యిండ్లలో నీళ్లబిందెలపై దర్భపోచలు పడియుండును. వండిన కూరలు పాఱబోయబడియుండును. గర్భవతులు తలుపులు మూసిన గదులలో కదలక మెదలక పరుండియుందురు. ఇది మేమూహించి చెప్పుచున్న మాటయే. కాని నేటికిని ఆ యాచారమును విడువని యిండ్లను ఎఱిగినవారెవ్వరును దీనిని కాదనరు. అదే యూరిలో, ఒక ఫ్రెంచి వర్తకుని యింట, పియెర్ జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు దూరదర్శినికి కిరణవిశ్లేషకమును తగిలించుకొని ఆకాశమువంక చూచుచుండెను. మనవారు కన్ను మూసికొన్న ఆ యైదాఱు నిమిషముల చీకటికొఱకే ఆయన ఫ్రాన్సునుండి సముద్రములు దాటి వచ్చెను.

వెలుగును చీల్చి రంగులపట్టెగా పఱచి చూపు సాధనమే కిరణవిశ్లేషకము. మండుచున్న ప్రతిద్రవ్యమును ఆ పట్టెలో తనవే యైన కొన్ని గీతలను చూపును. మనుష్యునకు వ్రేలిముద్ర యెట్టిదో ద్రవ్యమునకు ఆ గీతలట్టివి. ఉప్పుకల్లు నిప్పులో పడినప్పుడు మంట పసుపువన్నె దాల్చుట మన గృహిణులెఱుగని విషయము కాదు. ఆ పసుపు ఉప్పులోని సోడియమునది. గ్రహణమువేళ నల్లని చంద్రబింబపు టంచున ఎఱ్ఱని జ్వాలలు లేచుచుండగా జాన్సెన్ వానివైపు తన సాధనమును త్రిప్పెను. అవి మండుచున్న ఉదజని జ్వాలలని గీతలు చెప్పెను. ఆ గీతలు ఎంత ప్రకాశవంతముగా నుండెననగా, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునని ఆయనకు తోచెను. మఱునాడే గుంటూరిలో నిండుసూర్యుని యంచున వానిని చూచెను. నాటితో ఆ జ్వాలలను చూచుటకు గ్రహణముకొఱకు కనిపెట్టుకొని యుండవలసిన యక్కఱ తీఱిపోయెను.

ఆ గీతలనడుమ నొక పసుపుగీతయు నుండెను. గ్రహణమును చూచినవారిలో పలువురు దానిని సోడియముదే యనుకొని విడిచిరి. అదే సంవత్సరము అక్టోబరు 20వ తేదీని ఇంగ్లండులో నార్మన్ లాక్యరు, గ్రహణము లేకయే, సూర్యుని యంచును పరిశీలించి, ఆ పసుపుగీత సోడియపు జంటగీతలతో కలియుట లేదని కనిపెట్టెను. భూమిమీద నెఱిగిన యే ద్రవ్యమునకును ఆ గీత లేదు. సూర్యునకు గ్రీకుభాషలో నున్న పేరునుబట్టి ఆ తెలియని ద్రవ్యమునకు హీలియము అను పేరు వచ్చెను. హీలియమును గుంటూరిలో కనుగొనిరని మనవారు సభలలో గర్వముగా చెప్పుకొనుట మేము వినియున్నాము. అది సగము నిజము. చూచెడి మార్గము గుంటూరిలో దొరకెను. చూచినది క్రొత్తదని గుర్తించుట మఱియొకచోట జరిగెను. ఉన్నంతవఱకు చెప్పుకొన్న చాలును, గుంటూరికి అదియు తక్కువ గౌరవము కాదు.

ఈ గ్రహణము గడచిన ఆఱు నెలలకు రష్యా రాజధానియైన సెంట్ పీటర్స్‌బర్గులో ఒక యుపాధ్యాయుడు నాటికి తెలిసిన 63 మూలద్రవ్యములను ఒక పట్టికగా కూర్చెను. అందు కొన్ని గడులను ఆయన బుద్ధిపూర్వకముగా ఖాళీ విడిచెను. ఆ గడులు నిండినప్పుడు లోకము ఆశ్చర్యపడెను. కాని గుంటూరి యాకాశమున వెలిగిన ద్రవ్యమునకు మాత్రము ఆ పట్టికలో ఖాళీగడియైనను లేకుండెను. అది యొక గడి కొఱత కాదు. ఒక నిలువువరుస యంతయు కొఱతయే. ఆ వరుస ఎట్లు వెలువడెనో, వెలువడి పరమాణువు లోపలి యమరికకు తాళపుచెవి యెట్లాయెనో ఈ వ్యాసమున చెప్పదలచితిమి. మన పాఠశాలలలో బాలబాలికలు ఆ పట్టికను పద్యమువలె వల్లించుచున్నారు. ఈ కథ మాత్రము వారి చెవిని పడుట లేదు.

రసాయనశాస్త్రములో మూలద్రవ్యమనగా మఱి విడదీయరాని ద్రవ్యము. బంగారము, ఇనుము, గంధకము, ప్రాణవాయువు మొదలగునవి. ప్రతి మూలద్రవ్యపు పరమాణువునకును ఉదజనితో పోల్చి కట్టిన యొక భారము కలదు. 1829లో జర్మనీలో డోబెరైనరు ఒక వింతను చూపెను. లిథియము భారము 7, సోడియము 23, పొటాసియము 39. మూడును నీటిలో వేసినంతనే చెలరేగెడి మెత్తని లోహములు. నడిమిదాని భారము చివరివాని సగటు. ఇట్టి ముగ్గురేసి కుటుంబములు మఱికొన్నియు దొరకెను. 1865లో ఇంగ్లండున న్యూలండ్సు భారముల క్రమమున పేర్చినచో ప్రతి యెనిమిదవ ద్రవ్యమును మొదటిదానిని పోలియుండునని చెప్పి, సంగీతస్వరములతో పోల్చెను. మఱుసటి యేట లండనులోని రసాయనశాస్త్ర సమాజమున ఒక సభ్యుడు లేచి, అక్షరక్రమమున పేర్చి చూచితిరా యని పరిహాసము చేసెనట. ఇరువది యేండ్లకు పిదప ఆయనకు పతకమిచ్చి గౌరవించిరి గాని, నాటి నవ్వు మాత్రము చరిత్రలో నిలిచిపోయినది.

ఇక సెంట్ పీటర్స్‌బర్గు ఉపాధ్యాయుని సంగతి. డిమిత్రి మెండెలీవు 1834లో సైబీరియాలోని టొబోల్స్కు పట్టణమున పెద్దకుటుంబములో కడగొట్టు బిడ్డగా జన్మించెను. ఆతడు పుట్టిన యేడే తండ్రి కన్నులు పోయి ఉద్యోగము పోయెను. తల్లి మారియా తన పుట్టినింటివారి గాజు కార్ఖానాను తానే నడపి యింటిని ఈడ్చుకొని వచ్చెను. 1847లో భర్త చనిపోయెను. మఱుసటి యేట కార్ఖానా కాలిపోయెను. అప్పుడామె చేసినపనిని మన సోదరీమణులు గమనింతురుగాక. ఉన్న కొద్దిపాటి సొమ్మును మూటగట్టుకొని, చదువునందు తెలివి చూపిన చిన్నకొడుకును వెంటబెట్టుకొని, వేయిమైళ్లకు మించిన దారి ప్రయాణము చేసి మాస్కో చేరెను. అచ్చటి విశ్వవిద్యాలయమువారు చేర్చుకొనలేదు. అటనుండి రాజధానికి పోయి, 1850లో ఉపాధ్యాయులను తయారుచేయు విద్యాలయమున కొడుకును చేర్పించెను. ఆ యేడే ఆమె కన్నుమూసెను. 1887లో మెండెలీవు ద్రావణములను గూర్చి తాను వ్రాసిన గ్రంథమును ఆ తల్లి స్మృతికి అంకితమిచ్చెను. పట్టికను గూర్చి చెప్పు పాఠ్యపుస్తకములలో ఈమెకు ఒక పంక్తియైనను దొరకుట అరుదు.

పట్టిక పుట్టుటకు కారణము కీర్తికాంక్ష కాదు. పాఠము చెప్పవలసిన యవసరము. 1867లో విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి వచ్చిన పిదప విద్యార్థులకు రష్యాభాషలో తగిన రసాయనగ్రంథము లేకుండుట చూచి ఆయనయే వ్రాయబూనెను. మొదటి భాగము ముగియుసరికి, మిగిలిన ద్రవ్యములను ఏ క్రమమున చెప్పవలెనను ప్రశ్న ఎదురాయెను. కలలో పట్టిక యంతయు కనబడెనను కథ యొకటి ప్రచారమున నున్నది. ఆయన నాడు గీచికొన్న చిత్తుప్రతి దొరకినది. దానినిండ కొట్టివేతలును దిద్దుబాటులును ఉన్నవి. కలలు అంత శ్రమపడి దిద్దుకొనవు. 1869 మార్చి 1వ తేదీ నాటి యా పట్టికలో భారక్రమమున ద్రవ్యములు నిలిచెను. పోలిక గలవి ఒకే వరుసను చేరెను. క్రమమునకు పోలిక అడ్డువచ్చినచోట ఆయన పోలికనే పట్టుకొనెను. పోలిక గల ద్రవ్యము దొరకనిచోట దగ్గరనున్నదానిని తెచ్చి యిరికింపక, అక్కడ ఖాళీ విడిచెను.

1871లో ఆ ఖాళీలలో మూటికి రాబోవు ద్రవ్యముల గుణములను ముందుగానే వ్రాసి ప్రకటించెను. వానికి తాత్కాలికముగా ఏక-బోరాను, ఏక-అల్యూమినియము, ఏక-సిలికాను అని పేర్లు పెట్టెను. ఈ ‘ఏక’ మన సంస్కృతమునందలి సంఖ్యయే. బోరాను వరుసలో దాని కడుత ఒకటవ స్థానమున నుండవలసినదని భావము. ఈ రెండక్షరములను పట్టుకొని మన పూర్వులకు ఈ పట్టిక తెలిసియుండెనని చాటువారు బయలుదేరినారు. అంకెను అరువిచ్చినవారమే గాని శాస్త్రమును అరువిచ్చినవారము కాము. పూర్వులకు లేని గొప్పను అంటగట్టుట వారికి చేయు అగౌరవమని మా యభిప్రాయము.

1875లో ఫ్రాన్సున లెకాక్ ద బ్వాబోద్రాన్ ఒక క్రొత్తలోహమును కిరణవిశ్లేషకముతో కనిపెట్టి దానికి గాలియమని పేరు పెట్టెను. అరచేతిలో నుంచుకొన్న కరగిపోవు లోహమది. అది తాను చెప్పిన ఏక-అల్యూమినియమే యని మెండెలీవు ప్రకటించి, మీరు కట్టిన సాంద్రత 4.7 తప్పు, 5.9 ఉండవలెను, శుద్ధిచేసి మరల చూడుడని తెలియజేసెను. లోహమును కంటితోనైన చూడనివాడు, చేత పట్టుకొన్నవానికి తప్పు దిద్దుచున్నాడు! బ్వాబోద్రాన్ మరల శుద్ధిచేసి తూచెను. సాంద్రత 5.9 వచ్చెను. 1879లో స్వీడనున నీల్సను స్కాండియమును, 1886లో జర్మనీలో వింక్లరు జెర్మేనియమును కనుగొనగా మిగిలిన రెండు గడులును నిండెను. ఏక-సిలికాను భారము 72 ఉండునని మెండెలీవు వ్రాసెను. జెర్మేనియము భారము 72.6.

ఈ ఖాళీగడుల యాకర్షణ మన దేశమును కూడ తాకెను. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రఫుల్లచంద్ర రాయిగారు అరుదైన భారతీయ ఖనిజములను విశ్లేషింప నారంభించుటకు కారణము, ఆ పట్టికలోని యొకటి రెండు ఖాళీలను నింపు ద్రవ్యము దొరకునేమో యను ఆశయేనని తమ స్వీయచరిత్రలో వ్రాసికొనిరి. మూలద్రవ్యము దొరకలేదు. దారిలో దొరకినది పాదరసపు నైట్రైటు. 1896లో లోకమునకు తెలిసి వారికి కీర్తి తెచ్చినది అదియే.

ఇంతవఱకు జయమే. ఇక మెండెలీవును ఇబ్బందిపెట్టిన సంగతులు చెప్పవలసియున్నవి. టెల్లూరియము భారము 127.6, అయొడినుది 126.9. భారమునుబట్టి అయొడిను ముందు రావలెను. కాని గుణములనుబట్టి అది క్లోరిను, బ్రోమినుల తోబుట్టువు, టెల్లూరియమునకు తరువాతనే యుండవలెను. మెండెలీవు అట్లే నిలిపి, టెల్లూరియమును తూచినవారు తప్పుగా తూచిరని చెప్పెను. వారు తప్పుగా తూచలేదు. ఎన్నిమాఱులు తూచినను అంతే వచ్చినది. ఆయన యుంచిన స్థానము సరియైనది. చెప్పిన కారణము సరియైనది కాదు. ఇట్లు తప్పుకారణముతో సరియైన త్రోవ పట్టుట శాస్త్రచరిత్రలో తఱచుగా కనబడును. అది మన యాచారములవిషయములో కూడ జ్ఞప్తియందుంచుకొనదగిన సంగతి.

1892లో ఇంగ్లండున రేలీ ప్రభువు గాలినుండి తీసిన నత్రజని లీటరు 1.257 గ్రాములును, రసాయనద్రవ్యములనుండి తీసినది 1.250 గ్రాములును తూగుటను గమనించెను. వేయింట ఏడు పాళ్ల తేడా కూడ లేదు. మఱియొకడైనచో త్రాసు తప్పనియుండును. ఆయన విలియం రాంసేతో కలిసి శోధింపగా 1894లో గాలిలో ఒక క్రొత్తవాయువు బయటపడెను. అది దేనితోను కలియదు, దేనిని కలుపుకొనదు. సోమరి యను నర్థముగల గ్రీకుపదమునుబట్టి ఆర్గాను అని పేరిడిరి. మనము పీల్చు గాలిలో నూటికి ఇంచుమించు ఒకపాలు అదియే! దానికంటె నూఱేండ్లకు ముందు, 1785లో, కావెండిష్ గాలిలోని నత్రజనిని ప్రాణవాయువుతో కలిపి వేసిన పిదప మిగిలిన చిన్న బుడగను చూచి, అది మొత్తమున 120వ వంతునకు మించదని వ్రాసిపెట్టెను. ఆ బుడగ ఆర్గానే. మఱుసటి యేట, 1895లో, రాంసే యురేనియముతో కూడిన ఒక ఖనిజమును ఆమ్లములో నుడికించి వచ్చిన వాయువును కిరణవిశ్లేషకమున చూడగా పసుపుగీత యొకటి మెఱసెను. సోడియమునది కాదు. ఇరువదియేడేండ్లకు ముందు సూర్యునియంచున చూచిన గీతయే. హీలియము భూమిమీద దొరకెను.

ఈ రెంటికిని పట్టికలో చోటు లేదు. గడులను ఖాళీ విడిచి లోకమునకు వినయమును నేర్పిన మెండెలీవు ఈ సమయమున ఏమి చేసెను? ఆర్గాను మూలద్రవ్యమే కాదనెను. ప్రాణవాయువు మూడేసి పరమాణువులుగా గూడి ఓజోనగునట్లు, నత్రజని మూడేసిగా గూడినదే యిది కావచ్చుననెను. తాను ఊహించి విడిచిన ఖాళీని గౌరవించుట యొకయెత్తు. తాను ఊహింపని ఖాళీ యున్నదని యొప్పుకొనుట మఱియొకయెత్తు. ఆ మహనీయునకు రెండవది కష్టమాయెను. నిందింపవలెనని మేమిది వ్రాయుట లేదు. 1898 మే మొదలు జూలై లోపల రాంసేయు ఆయన శిష్యుడు ట్రావర్సును ద్రవీభూతమైన గాలినుండి క్రిప్టాను, నియాను, జీనాను అను మఱి మూడు సోమరులను వెలికి తీసిరి. ఈ ట్రావర్సే పిమ్మట బెంగుళూరు విజ్ఞానసంస్థకు ప్రథమాధ్యక్షుడుగా వచ్చి 1914 వఱకు పనిచేసెను. ఐదును ఒకే కుటుంబమువి. వానికొక నిలువువరుస నిచ్చినచో పట్టికలో మఱియే గడియు చెదరలేదు. క్లోరిను కుటుంబమునకును సోడియము కుటుంబమునకును నడుమ అవి సరిగా నమరెను. 1900 తరువాత మెండెలీవు ఆ వరుసను సంతోషముతో తన పట్టికలోనికి తీసికొనెను. 1907లో చనిపోవునాటికి ఆ పట్టిక అంతకుముందుకంటె బలమైనదై యుండెను.

అయినను రెండు చిక్కులు మిగిలెను. ఆర్గాను భారము 39.9, పొటాసియముది 39.1. మరల తలక్రిందులు! పొటాసియమును సోమరుల వరుసలోను, ఆర్గానును మండెడి లోహముల వరుసలోను పెట్టుట కుదరదు. భారము క్రమమునకు సూచకమే గాని మూలము కాదని తేలుచున్నది. మూలము మఱేది? రెండవది: ఒక వరుస యంతయు ఇంతకాలము దాగియుండగలిగినప్పుడు ఇంకెన్ని దాగియున్నవో యెవరు చెప్పగలరు?

ఈ రెండు ప్రశ్నలకును ఉత్తరము చెప్పినవాడు హెన్రీ మోస్లీ అను యువకుడు. 1911లో రూథర్‌ఫర్డు పరమాణువు నడుమ మిక్కిలి చిన్నదైన, ధనవిద్యుత్తుగల కేంద్రకము కలదని చూపియుండెను. మోస్లీ ఒక్కొక్క లోహమును ఎలక్ట్రానులతో కొట్టించి, దానినుండి వెలువడు ఎక్సుకిరణముల కంపనసంఖ్యను కొలిచెను. ఆ సంఖ్యల వర్గమూలములను వరుసగా వ్రాయగా, ఒక ద్రవ్యమునుండి తరువాతిదానికి సరిసమానమైన మెట్టు వచ్చుచుండెను. నిచ్చెనమెట్లవలె, ఎక్కడను ఎచ్చుతగ్గులు లేవు. ఆ మెట్టు కేంద్రకమునందలి విద్యుద్రాశి ఒక్కొక్కటే పెరుగుటను తెలుపును. దానికే పరమాణుసంఖ్య యని పేరు. ఆర్గాను 18, పొటాసియము 19. టెల్లూరియము 52, అయొడిను 53. మెండెలీవు పోలికనుబట్టి ఉంచిన స్థానములే నిలిచెను.

మెట్టు సమానమైనప్పుడు విఱిగిన మెట్టును లెక్కపెట్టవచ్చును. 1914లో మోస్లీ అల్యూమినియము మొదలు బంగారము వఱకు లెక్కించి, 43, 61, 75 అను మూడు స్థానములు ఖాళీగా నున్నవని ప్రకటించెను. అంతకుముందు ఖాళీ యనునది ప్రతిభావంతుని యూహ, ఇప్పుడది లెక్క. ఒక వరుస యంతయు మనకు తెలియకుండ నడుమ దాగుటకు ఇక చోటులేదు. ఆ యేడే యూరపున మహాయుద్ధము చెలరేగెను. మోస్లీ సేనలో చేరి, 1915 ఆగస్టు 10వ తేదీని గాలిపోలియుద్ధమున తుపాకిగుండు తగిలి మరణించెను. వయస్సు 27 ఏండ్లు. ఆయన శాస్త్రకృషి మొత్తము కొద్ది యేండ్లది. దానిని చదివినప్పుడెల్ల, యుద్ధమును పొగడు పద్యములు వ్రాయువారిమీద మాకు కోపము వచ్చును.

ఇక సోమరుల రహస్యము. కేంద్రకమున ఎన్ని ధనాంశములున్నవో దానిచుట్టు అన్నియే ఎలక్ట్రానులుండును. అవి గుంపుగా నుండక అంతస్తులుగా అమరియుండునని 1913లో డెన్మార్కు దేశీయుడు నీల్స్ బోరు సూచించెను. 1916 మొదలు లూయిసు, కాసెలు, లాంగ్మ్యూరు మొదలగువారు ఆ భావమును రసాయనశాస్త్రమునకు అన్వయించిరి. పెండ్లియింటి బంతులను తలచుకొనుడు. మొదటి బంతిలో రెండే విస్తళ్లు, రెండవదానిలో ఎనిమిది, మూడవదానిలో మొదట ఎనిమిది. హీలియమునకు రెండు ఎలక్ట్రానులు: మొదటి బంతి నిండెను. నియానునకు పది: రెండవదియు నిండెను. ఆర్గానునకు పదునెనిమిది: రెండు, ఎనిమిది, ఎనిమిది. విస్తరి ఖాళీ లేనిచోట వచ్చువారికి చోటులేదు. కూర్చున్నవారికి లేచిపోవలసిన పనిలేదు. సోమరితనమనగా ఇదియే. సోడియమునకు పదునొకండు: రెండు, ఎనిమిది, ఒంటరిగా ఒకటి. ఆ యొంటరి సులభముగా లేచిపోవును. క్లోరినునకు పదునేడు: చివరి బంతిలో ఒక విస్తరి ఖాళీ. దీని యొంటరి దాని ఖాళీని చేరినప్పుడు, నీటిలో చెలరేగు లోహమును, ఊపిరితిత్తులను కాల్చు విషవాయువును కలిసి మన వంటింటి యుప్పగుచున్నవి.

పోలికను మరీ సాగదీయరాదు. ఎలక్ట్రానులు విస్తరిముందు కుదురుగా కూర్చుండు బంధువులు కారు. అవి ఫలానాచోట నుండుటకు గల అవకాశమును మాత్రమే గణితము చెప్పగలదని 1925 ప్రాంతమున తేలెను. ఒక స్థితిలో ఒకటికి మించి యుండరాదను నియమమును ఆ యేడే పౌలీ చూపెను. బంతికింత యని యుండుటకు మూలకారణమదియే. మఱియొక చిక్కు: మూడవ బంతిలో నిజమునకు పదునెనిమిదింటికి చోటు కలదు. అయినను పొటాసియపు పందొమ్మిదవ ఎలక్ట్రాను అందు చేరక నాలుగవ బంతికి పోవును, కాల్షియమువఱకు అట్లే. స్కాండియమునుండి జింకువఱకు పది ద్రవ్యములలో వెనుకకు మరలి ఆ మూడవ బంతి ఖాళీలు నిండును. అందువలననే ఇనుము, కోబాల్టు, నికెలు మొదలగునవి ప్రక్కప్రక్కనుండియు అంతగా పోలియుండును: వెలుపలి బంతి మాఱక లోపలిది మాఱుచున్నది.

విద్యార్థులు బట్టీపట్టు గుణక్రమములన్నియు ఈ యమరికనుండియే పుట్టును. అడ్డువరుసలో ఎడమనుండి కుడికి పోవుకొలది కేంద్రకపు విద్యుత్తు పెరుగును, బంతి మాఱదు. కావున ఎలక్ట్రానులు దగ్గఱగా లాగబడి పరమాణువు చిన్నదగును. సోడియము పరమాణువుకంటె క్లోరిను పరమాణువు చిన్నది, భారము ఎక్కువయైనను. నిలువువరుసలో క్రిందికి దిగుకొలది క్రొత్తబంతి చేరును. పరమాణువు పెద్దదగును, వెలుపలి ఎలక్ట్రానుపై పట్టు సడలును. ఒక ఎలక్ట్రానును ఊడబెఱుకుటకు కావలసిన శక్తిని ఎలక్ట్రాన్‌వోల్టులలో చెప్పినచో హీలియమునకు 24.6, నియానుకు 21.6, ఆర్గానుకు 15.8, వాని వెనుకనే వచ్చు లిథియమునకు 5.4, సోడియమునకు 5.1, పొటాసియమునకు 4.3. శిఖరమునుండి లోయలోనికి పడినట్లు పడుచున్నది. ప్రతి శిఖరము నొక సోమరి, ప్రతి లోయ నొక మండెడి లోహము. మెండెలీవు చోటీయని యా వరుసయే పట్టికకు సరిహద్దురాళ్ల వరుసగా తేలినది.

అమరిక తెలిసిన పిదప ఖాళీగడులను నింపుట ఎట్లు మాఱెనో 72వ స్థానము చూపుచున్నది. ఫ్రాన్సున ఉర్బేను దానిని అరుదైన మృత్తికాలోహములలో వెదకి దొరకినదని ప్రకటించియుండెను. బోరు తన లెక్కనుబట్టి, మృత్తికాలోహముల లోపలిబంతి 71తోనే నిండిపోవును గనుక 72వది జిర్కోనియమునకు చుట్టము కావలెననెను. కాస్టరు, హెవెషీ అనువారు కోపెన్‌హాగెనులో జిర్కోనియపు ఖనిజములను మోస్లీ పద్ధతిని శోధింపగా అది దొరకెను. 1922 డిసెంబరులో స్టాక్‌హోమున నోబెలు ఉపన్యాసము ముగింపున బోరు ఆ వార్తను చెప్పెను. కోపెన్‌హాగెను లాటిను పేరునుబట్టి దానికి హాఫ్నియమని పేరు. 75వదియైన రీనియమును 1925లో కనుగొన్న మువ్వురిలో ఈడా టాకే యను స్త్రీ యొకతె. బంగారమునకు ఆవల, పొటాసియపు కుటుంబములోని 87వ గడిని 1939లో నింపిన మార్గరీతు పెరే పట్టపుచదువు లేకయే క్యూరీ ప్రయోగశాలలో సహాయకురాలుగా చేరిన వనిత. 43వదానిని 1937లోను, 61వదానిని 1945లోను మనుష్యులు కేంద్రకములను మార్చియే పొందిరి. అవి స్థిరముగా నిలువని ద్రవ్యములు.

ఆర్గాను, పొటాసియముల తలక్రిందుల చిక్కు కూడ విడిపోయెను. ఒకే పరమాణుసంఖ్య గల ద్రవ్యములో వేఱువేఱు భారముల జాతులుండునని సాడీ 1913లో చెప్పెను. మన గాలిలోని ఆర్గానులో నూటికి 99 పాళ్లకు పైగా 40 భారము గల జాతి. అది యెచ్చటనుండి వచ్చినది? భూమిలోని పొటాసియములో అత్యల్పమైన యొక భాగము కోట్లకొలది సంవత్సరములలో మెల్లమెల్లగా క్షయించి, కొంత ఆర్గానుగా మాఱుచున్నది. గాలిలోని ఆర్గాను రమారమి అంతయు పొటాసియపు సంతానమే. సూర్యునియందలి ఆర్గానులో 36 భారము గలదే యెక్కువ. భూమిమీదను అట్లే యున్నచో మెండెలీవునకు ఈ చిక్కు కనబడియే యుండదు.

సోమరులని పేరు పెట్టిన పిదప అఱువదియేండ్లవఱకు వానిని కలిపిచూడవలెనని ప్రయత్నించినవారు అరుదు. ప్రయత్నించినవారికి ఫలితము దక్కలేదు. పాఠ్యపుస్తకములలో అవి దేనితోను కలియవని నిశ్చయముగా వ్రాయబడెను. 1962లో కెనడాలో నీల్ బార్ట్‌లెట్ జీనానును ప్లాటినపు ఫ్లోరైడుతో కలిపి పసుపుపచ్చని ఘనపదార్థమును చేసి చూపెను. జీనాను పెద్ద పరమాణువు, వెలుపలి ఎలక్ట్రానుపై దాని పట్టు సడలియుండును. పైన చెప్పిన గుణక్రమమును నమ్మియే ఆయన యా ప్రయోగమునకు పూనుకొనెను. పుస్తకములలోని వాక్యమును దిద్దవలసివచ్చెను.

పట్టికలో ఏడవ యడ్డువరుస 2016లో పేర్లతో సహా నిండెను. దాని కడపటి గడిలో 118వ ద్రవ్యమైన ఒగనెస్సాను హీలియము వరుసకు అడుగున నున్నది. దానిని రష్యాలోని డుబ్నాలో 2002లో మొదట చేసిరి. ఇంతవఱకు చేయబడినవి కొన్ని పరమాణువులు మాత్రమే. అవియు క్షణములో వేయవవంతు కాలముననే విచ్చిపోయెను. గణితము చేసినవారు మాత్రము, కేంద్రకపు విద్యుత్తు మిక్కిలి యధికమగుటచేత అందలి యెలక్ట్రానుల బంతులు విడివిడిగా నిలువక కలగాపులగమై యుండుననియు, అది వాయువే కాకపోవచ్చుననియు, తన పైవానివలె సోమరిగా నుండకపోవచ్చుననియు చెప్పుచున్నారు.